శనివారం సంఘానికి బయల్దేరే ముందు: వేదాంత విద్యార్థుల కోసం ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ వందనాలు. క్రైస్తవ వేదాంత కళాశాలల్లో చదువుతూ వారాంతంలో తర్ఫీదు కోసం సంఘాలకు, అంటే చర్చిలకు, వెళ్ళే విద్యార్థుల ప్రశ్నలకు ఈరోజు జవాబులు విందాం. స్టూడియోలో ఇద్దరున్నారు. ఒకరు కాపరి (పాస్టర్) పరిచర్య పాఠాలు చెప్పే ఆచార్యులు. రెండోవారు విద్యార్థులను తమ సంఘంలో పెట్టుకుని తర్ఫీదు ఇచ్చే సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) ప్రెస్బిటర్ గారు, అంటే అభిషేకం పొందిన కాపరి. మొదటి ఫోన్ గుంటూరు నుంచి. చెప్పండి బాబూ.

గుంటూరు: వందనాలు అయ్యగారూ. నేను బి.డి., అంటే వేదాంత డిగ్రీ, రెండో సంవత్సరం. వీకెండ్ మినిస్ట్రీకి నన్ను వేసిన సంఘంలో పాస్టర్ గారు చాపలు పరవమంటారు, కీబోర్డు వాయించమంటారు, కానుకలు లెక్కపెట్టే చోట కూర్చోమంటారు. ప్రసంగం మాత్రం ఇవ్వట్లేదు. ఇందులో నేర్చుకునేదేముంది?

ఆచార్యులు: కానుకల దగ్గర కూర్చోబెట్టారంటే మంచి పాఠమే పెట్టారు బాబూ. ఇద్దరు పెద్దలు కలిసే లెక్కపెడుతున్నారా, రిజిస్టర్లో రాసి అక్కడికక్కడే సంతకాలు చేస్తున్నారా, సోమవారం బ్యాంకులో కడుతున్నారా, గమనించు. సంఘాల్లో తగాదాలు చాలావరకు అక్కడే పుడతాయి. నువ్వు మాత్రం డబ్బు ముట్టుకోవద్దు, సంతకం పెట్టొద్దు. ఇక ప్రసంగం సంగతి. వెళ్ళేముందు ఒప్పందం రాసుకున్నారా?

గుంటూరు: లేదండీ. కాలేజీ నుంచి ఉత్తరం ఒకటి ఇచ్చారు, అంతే.

ఆచార్యులు: లోపమల్లా అక్కడుంది. ఉత్తరంలో నీ పేరు, తేదీ తప్ప ఇంకేముంటాయి? ఒక పేజీ ఒప్పందం రాయండి. శనివారం సాయంత్రం ఏ పని, ఆదివారం ఏ పని, వారానికోసారి నీతో కూర్చుని మాట్లాడేదెవరు, బస్సు ఛార్జీ, భోజనం ఎవరిది, పరీక్షల నెలలో సెలవెప్పుడు. మొదటి నెల చూడటం, వాక్యం చదవడం, ప్రార్థన నడిపించడం. రెండో నెల సండే స్కూల్, పాస్టర్ గారి వెంట గృహ దర్శనాలు. మూడో నెల కుటుంబ ప్రార్థనలో పది నిమిషాల వర్తమానం, అంటే చిన్న ప్రసంగం. ఆ తర్వాతే వేదిక. కింద ముగ్గురి సంతకాలు: నీది, పాస్టర్ గారిది, కాలేజీలో ఫీల్డ్ వర్క్ చూసే వారిది. మధ్యలో చేరినా పరవాలేదు, వచ్చే శనివారమే కాగితం తీసుకెళ్ళు.

ప్రెస్బిటర్: ఆ వారానికోసారి కూర్చోవడం ఉంది చూశారూ, అదే అసలు తర్ఫీదు. "బాగా చేశావు" అని భుజం తట్టి పంపిస్తే విద్యార్థికి ఒరిగేదేమీ లేదు. ఆదివారం భోజనమయ్యాక ఓ ముప్పావు గంట, ఫోన్లు పక్కన పెట్టి మూడే ప్రశ్నలు: ఏం చేద్దామనుకున్నావు, ఏం జరిగింది, ఎక్కడ ఆగిపోయావు. విద్యార్థి రెండు పేరాలు ముందే రాసుకుని రావాలి. కాగితం లేకపోతే అది పిచ్చాపాటీ అయిపోతుంది.

వ్యాఖ్యాత: ఖమ్మం నుంచి ఒక సహోదరి.

ఖమ్మం: వందనాలండీ. ఇరవై నిమిషాల ప్రసంగమని సిద్ధపడతాను, నలభై ఐదవుతుంది. వెనక వరసల్లో వాళ్ళు లేచి వెళ్ళిపోతున్నారు. ఇంకొకటి, ఆడపిల్ల వేదికెక్కడం ఏంటని ఇద్దరు పెద్దలు గొణుగుతున్నారు.

ప్రెస్బిటర్: రెండోది ముందు చెబుతానమ్మా. 2013లో నంద్యాల డయాసిస్‌కు, అంటే ఆ ప్రాంత సంఘాలన్నిటికీ, ఇ. పుష్పలలిత గారు బిషప్ అయ్యారు. సి.ఎస్.ఐ.లో మొదటి మహిళా బిషప్ మన తెలుగు నేల మీదే. మీది వేరే సంఘమైతే మీ సంఘ నియమం ఏమంటుందో కాలేజీ ద్వారా అడిగించి ఒప్పందంలో రాయించండి. పెద్దలతో వాదన మీరు పెట్టుకోవద్దు, ఆ మాట పాస్టర్ గారు మాట్లాడాలి.

ఆచార్యులు: ఇక సమయం సంగతి. రాసుకున్న ప్రసంగంలో ఒక పేజీని వేదిక మీద చదివినంత నిదానంగా, గట్టిగా చదివి గడియారం చూడమ్మా. దాన్ని పేజీలతో హెచ్చవేస్తే ఎంతసేపు పడుతుందో తేలుతుంది. మనసులో చదివితే లెక్క తప్పుతుంది. రెండో కారణం, "ఈ వచనం తెరవండి" అనడం. పెద్దవాళ్ళు కళ్ళద్దాలు తీసి పేజీ వెతికేసరికి నిమిషం గడిచిపోతుంది. ఆరు వచనాలు తెరిపిస్తే ఆరు నిమిషాలు ప్రసంగం కానిదానికి పోయినట్టే. మూల వాక్యం కాక రెండు చాలు. మూడోది, "చివరిగా" అని మూడుసార్లు అనడం.

ఖమ్మం: మరి ఏది తీసేయాలో ఎలా తెలుస్తుందండీ?

ఆచార్యులు: గురువారం నాటికి ప్రసంగమంతా ఒక్క వాక్యంలో రాయి. లూకా 15లో పోయిన నాణెం తీసుకున్నావనుకో. "పోయినదాన్ని వెతికేది దేవుడే, దొరికేదాకా మానడు." ఈ వాక్యానికి పనికిరానిది కొట్టేయి. ఆ నాణెం ద్రాఖ్మా అనీ, దాని మీద ఏ బొమ్మ ఉండేదనీ అక్కర్లేదు. అది సుమారు ఒక రోజు కూలి అన్న మాట మాత్రం ఉంచు. ఎదురుగా కూర్చున్నది కూలికి వెళ్ళే అమ్మలైతే, ఒక రోజు కూలి పోతే ఇల్లు ఎలా ఊడుస్తారో వాళ్ళకు వేరే చెప్పాలా? శుక్రవారం గట్టిగా చదువు. శనివారం అరకాగితం మీదికి దించు. వేదిక మీద ఆ అరకాగితమే ఉండాలి.

ప్రెస్బిటర్: మైకు గురించి ఒక్క మాట. నోటికి నాలుగు వేళ్ళ దూరంలో, గడ్డానికి కాస్త కిందగా పట్టుకోండి. స్పీకరు బాక్సు మీ వెనక ఉంటే కుయ్యిమంటుంది, దాన్ని మీకంటే ముందుకు పెట్టించండి. రేకుల షెడ్డులో మాట మారుమోగుతుంది కాబట్టి వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆగాలి. అరిస్తే ఇంకా అర్థం కాదు.

వ్యాఖ్యాత: విజయవాడ నుంచి చెప్పండి.

విజయవాడ: ఆసుపత్రి దర్శనాలకు వేశారండీ. వెర్బాటిమ్, అంటే రోగితో జరిగిన సంభాషణ మాటకు మాట, రాసివ్వమన్నారు. నాకు గుర్తుండటం లేదు, రాసినా మార్కులు రావట్లేదు.

ఆచార్యులు: ఎప్పుడు రాస్తున్నావు?

విజయవాడ: రెండు మూడు రోజులకు, కాలేజీకి వచ్చాక.

ఆచార్యులు: అదే దెబ్బ. బయటికి రాగానే, ఆసుపత్రి మెట్ల మీద కూర్చునైనా ముఖ్యమైన మాటలు గీసుకో, ఆ రాత్రికే పూర్తి చెయ్యి. రోగి పేరు, మంచం నంబరు రాయొద్దు. మాటలకు వరస అంకెలు వెయ్యి. మౌనం ఉంటే మౌనమని రాయి. కుడివైపు అంచు వదిలి, ఆ క్షణంలో నీకేమనిపించిందో అక్కడ రాయి. ఇలా ఉంటుందనుకో, 'వి' అంటే విద్యార్థి, 'రో' అంటే రోగి. వి1: వందనాలమ్మా, ఎలా ఉన్నారు? రో1: ఏముంది బాబూ, రేపు ఆపరేషనంట (కిటికీ వైపు చూసింది). వి2: దేవుడున్నాడు, భయపడకండి, ప్రార్థన చేద్దాం. చూశావా, వి2 దగ్గర తలుపు మూసేశావు. ఆమె భయం చెప్పబోతుంటే ప్రార్థనతో ఆపేశావు. "రేపటి సంగతి తలుచుకుంటే ఎలా ఉందమ్మా?" అని అడిగి ఊరుకోవాలి. ప్రార్థన ఆ తర్వాత, ఆమె చెప్పిన మాటలతోనే. గుర్తున్నది దిద్ది అందంగా రాసేవాళ్ళకే మార్కులు పోతాయి, తప్పు కనపడనిస్తేనే కదా దాని మీద మాట్లాడేది. 1925లో అమెరికాలో వుస్టర్ మానసిక ఆసుపత్రిలో ఆంటన్ బాయిసన్ విద్యార్థులను రోగుల మధ్యకు తీసుకెళ్ళి మొదలుపెట్టిన తర్ఫీదు ఇది. మన దగ్గర వెల్లూరు సి.ఎం.సి. (క్రైస్తవ వైద్య కళాశాల) ఆసుపత్రిలో నేర్పుతారు. వీలైతే వేసవిలో వెళ్ళు.

ప్రెస్బిటర్: వార్డులోకి వెళ్ళేముందు నర్సమ్మను అడగండి, చేతులు కడుక్కోండి. మంచం మీద కూర్చోవద్దు, సెలైన్ గొట్టం తగలనివ్వద్దు. పది నిమిషాలు మించొద్దు. మందులు మానేయమని, తప్పక స్వస్థత వస్తుందని ఎట్టి పరిస్థితుల్లోనూ అనొద్దు.

వ్యాఖ్యాత: నల్గొండ నుంచి.

నల్గొండ: పాస్టర్ గారు ఊళ్ళో లేరండీ. వచ్చే వారం ఒక పెళ్ళి ఉంది, నన్నే చేయమంటున్నారు పెద్దలు. ప్రభువు బల్ల సంస్కారం (రొట్టె, ద్రాక్షరసం) కూడా ఇవ్వమంటున్నారు.

ప్రెస్బిటర్: రెండూ వద్దు తమ్ముడూ. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద అధికారం ఉన్నవాళ్ళే పెళ్ళి చేయాలి. అధికారం లేకుండా తెలిసి చేస్తే 68వ సెక్షన్ ప్రకారం పదేళ్ళ వరకు జైలు పడొచ్చు. పక్క సంఘం కాపరిని పిలిపించమని ఈరోజే చెప్పు. సంస్కారం సి.ఎస్.ఐ.లో అభిషేకం పొందిన ప్రెస్బిటరే ఇవ్వాలి, నువ్వు గిన్నె అందించే చోట సాయం చేయొచ్చు. భూస్థాపన అయితే కాపరి ఫోన్‌లో ఒప్పుకుంటే నడిపించొచ్చు. చనిపోయినవారి పేరు, వయసు, పిల్లల పేర్లు కాగితం మీద రాయించుకో, సమాధుల తోటలో పేరు తప్పు పలికితే ఆ ఇల్లు మర్చిపోదు. వర్తమానం ఎనిమిది నిమిషాలు. ఆయన పరలోకం వెళ్ళాడా లేదా అన్న తీర్పు నీది కాదు. చీకటి పడకముందే అయిపోయేలా ఇంటి దగ్గర ప్రార్థన తొందరగా మొదలుపెట్టించు.

వ్యాఖ్యాత: కర్నూలు నుంచి ఆఖరి ఫోన్.

కర్నూలు: సండే స్కూల్లో ఒక పాప ఒకాయన తనతో తప్పుగా ప్రవర్తించాడని చెప్పింది, ఎవరికీ చెప్పొద్దంది. నేనేం చేయాలి?

ఆచార్యులు: ఎవరికీ చెప్పనని మాటిచ్చావా అమ్మా?

కర్నూలు: ఇవ్వలేదండీ.

ఆచార్యులు: మంచిపని. "చెప్పి మంచిపని చేశావు, తప్పు నీది కాదు, నీకు సాయం చేసేవాళ్ళకు చెబుతాను" అను. గుచ్చి గుచ్చి అడగొద్దు, మళ్ళీ మళ్ళీ చెప్పించొద్దు. ఏ మాటలతో చెప్పిందో అవే మాటలు, తేదీ, సమయంతో రాసిపెట్టు. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతివారూ పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. కాపరి దగ్గర చెప్పిన రహస్యమన్న మాట ఇక్కడ చెల్లదు. పోలీసులకు చెప్పు, పిల్లల సాయం కోసం ఉన్న 1098 నంబరుకి ఈరోజే చేయి, కాలేజీకీ చెప్పు. ఆయన్ని పిలిచి సంఘ పెద్దల ముందు రాజీ చేయించే పని ఎవరు మొదలుపెట్టినా ఆపు. పాప పేరు ప్రార్థన విన్నపాల్లో కూడా రాకూడదు.

కర్నూలు: ఆయన సంఘ పెద్దల్లో ఒకరండీ.

ఆచార్యులు: అయితే పెద్దలకు ముందు చెప్పకు. ఫోన్ పెట్టగానే 1098కి చేయి. పాప ఇంటికి వెళ్ళడం క్షేమమేనా అన్నది కూడా వాళ్ళనే అడుగు.