గోడ మీది అక్షరాలు చెరిగిపోకముందే

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, ప్రిన్సిపాల్ గారికి, పొద్దుటి నుంచీ ఓపిగ్గా కూర్చున్న పిల్లలకి. పేరుపేరునా చెప్పాలి గానీ టైము తక్కువ, చెప్పాల్సింది ఎక్కువ. ఏమీ అనుకోకండి.

కెరీర్ ప్లానింగ్ గురించి మాట్లాడమన్నారు. నేను బీకాం చదివాను. ఇప్పుడు తెలుగు అక్షరాలు గీస్తున్నాను. సినిమా టైటిళ్ళకి, పుస్తకాల అట్టలకి, కంప్యూటర్ ఫాంట్లకి. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఇలాంటి పని ఒకటుందని, దానికి డబ్బులిస్తారని మా ఇంట్లోనే కాదు, మా ఊళ్ళోనే ఎవరికీ తెలియదు. తెలియని దానికి ప్లాను ఎలా వేస్తాం? అందుకని నన్ను ఈ పనిలోకి లాగిన మనిషి గురించి చెబుతాను.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో లెక్కలు రాయడానికి చేరాను. అక్కడ పెయింటర్‌ని అందరం మేస్త్రి గారు అనేవాళ్ళం. ఒకరోజు ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు రాలేదు. "బాబూ, కాస్త ఈ దారం ఆ చివర పట్టుకో" అన్నారు. సుద్దపొడి పట్టించిన దారం అది. బిగించి పట్టుకుని, మధ్యలో వేళ్ళతో లాగి వదిలితే చెక్క మీద తిన్నగా తెల్లగీత పడుతుంది. పైన ఒకటి, కింద ఒకటి కొట్టాం. ఎడమ చేత్తో ఒక కర్ర పట్టుకుని బాడీకి ఆనించి, కుడి మణికట్టు దాని మీద పెట్టి, ఆ రెండు గీతల మధ్య "శ్రీ" మొదలుపెట్టారు. ముందు శ గుండ్రం, పైన గుడిదీర్ఘం. చివర్న క్రావడి, అక్షరం కింది నుంచి ఎడమవైపుకి చుట్టుకొచ్చే ఆ ఒంపు, కుంచె ఎత్తకుండా ఒక్క ఊపులో తిప్పారు. అది కింది గీత దాటిపోయింది.

"గీత దాటింది మేస్త్రి గారూ" అన్నాను.

"దాటాలి బాబూ. తెలుగులో అక్షరం కింద ఇంకో అక్షరం కాపురం ఉంటుంది. దాని చోటు ముందే వదిలిపెట్టుకోవాలి" అన్నారు.

ఆ మాట నాకు ఇవాళ్టికీ రోజూ పనికొస్తోంది. "రాష్ట్రం" రాయండి. ష కింద ట ఒత్తు, దానికి తోడు ర ఒత్తు. ఇంగ్లీషుకి పెద్దవీ చిన్నవీ కలిపి 52 అక్షరాలు. తెలుగు ఫాంటు చెయ్యాలంటే గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపి వందల బొమ్మలు గీయాలి. ఏ ఒత్తు దేని కింద పడినా పక్కదానికి తగలకూడదు, కింది లైనులోకి దిగిపోకూడదు. ఈ లెక్క నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు. షెడ్డులో, టర్పెంటైన్ వాసనలో నేర్చుకున్నాను.

బాపు గారు 1955లో మద్రాసు యూనివర్సిటీ నుంచి లా పట్టా తీసుకున్నారని మీలో ఎంతమందికి తెలుసు? లాయరు కావలసిన మనిషి చేతిరాత ఇవాళ మన పెళ్ళి శుభలేఖల మీద ఉంది. కె. విశ్వనాథ్ గారు గుంటూరులో బీఎస్సీ చదివి, వాహినీ స్టూడియోలో సౌండు విభాగంలో చేరారు. డైరెక్టరుగా మొదటి సినిమా "ఆత్మగౌరవం" వచ్చింది 1960ల మధ్యలో. అప్పటిదాకా ఏళ్ళ తరబడి చెవులు రిక్కించి పనిచేశారు. ఆయన సినిమాల్లో నిశ్శబ్దం కూడా అంత బాగా వినిపించడానికి ఆ ఏళ్ళే కారణమని నా నమ్మకం. వాళ్ళంతటి వాణ్ణని చెప్పడానికి ఈ పేర్లు ఎత్తలేదు. మార్కుల జాబితా చూసి మీ జీవితం ఎటు పోతుందో చెప్పేసేవాళ్ళు ఉంటారు, వాళ్ళ మాట విని భయపడకండి.

సరే, ఫ్లెక్సు సంగతి చెప్పాలి. చెప్పకుండా దిగలేను. 2000 తర్వాత అది వచ్చింది, మా పని పోయింది. కుంచె పట్టినవాళ్ళు ఇళ్ళకి సున్నాలు వెయ్యడానికి వెళ్ళారు, అపార్ట్‌మెంట్లకి వాచ్‌మెన్‌లుగా వెళ్ళారు. నేను శుభలేఖలు వేసే షాపులో డీటీపీకి, అంటే కంప్యూటర్లో అక్షరాలు పేర్చే పనికి, చేరాను. పొట్టకూటి కోసం చేరిన ఆ షాపులోనే, కార్డులు వేయించుకోవడానికి వచ్చిన ఒక కుర్రాడు, ఫాంట్లు తయారుచేసే ఫాంట్‌ఫోర్జ్ అని ఒక సాఫ్ట్‌వేర్ చూపించాడు. ఉచితంగా దొరుకుతుంది. మేస్త్రి గారి దగ్గర నేర్చుకున్న "శ్రీ"ని అందులోకి ఎక్కించాను. అక్కణ్ణుంచి ఇక్కడిదాకా వచ్చాను.

కానీ నా బాధ వేరే ఉంది. ఒక్కసారి బజారులోకి వెళ్ళి చూడండి. పుట్టినరోజుకీ అదే అక్షరం, దినకర్మకీ అదే అక్షరం, ఎన్నికలకీ అదే. సాఫ్ట్‌వేర్ సరిగ్గా లేని చోట ఒత్తులు విడిపోయి "స్వాగతం" ముక్కలైపోయినా అలాగే ప్రింటు తీసి గేటుకి కట్టేస్తున్నారు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామరాజ, తెనాలి రామకృష్ణ అని అష్టదిగ్గజాల పేర్లతోనే ఫాంట్లున్నాయి, ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. అయినా వెతికేవాడు లేడు. మేస్త్రి గారు ఎరువుల కొట్టుకి ఒక రకంగా, మిఠాయి కొట్టుకి ఇంకో రకంగా రాసేవారు. కొట్టులో ఏం అమ్ముతారో అడిగాకే కుంచె తీసేవారు.

పిల్లలూ, మీ అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. మీ ఊళ్ళో పాత కిరాణా కొట్టు తలుపు మీద, బియ్యం మిల్లు గోడ మీద చేత్తో రాసిన అక్షరాలు ఇంకా ఉన్నాయి. సున్నం కొట్టేలోపు ఫోటో తియ్యండి. ఎదురుగా నిలబడి తియ్యండి, పక్క నుంచి తీస్తే అక్షరం వాలిపోతుంది. రాసినాయన బతికుంటే ఆయన దగ్గరికి వెళ్ళండి. ఇంటర్వ్యూ అనొద్దు, బిగుసుకుపోతారు. "దారం పట్టుకోమంటారా?" అని అడగండి చాలు.

ప్రిన్సిపాల్ గారిని అడిగాను, సైకిల్ స్టాండు పక్క గోడ ఇస్తామన్నారు. కుంచెలు, ఎనామిల్ పెయింటు, సుద్దపొడి తెచ్చాను. భోజనాలయ్యాక అక్కడ ఉంటాను. ఏ గ్రూపు వాళ్ళైనా రావచ్చు. బట్టలకి రంగు అంటుతుంది, పాత చొక్కా ఉంటే వేసుకుని రండి.