స్ప్రింగ్‌షార్ప్ రివ్యూ: ఎండెన్‌ని పట్టుకునే లైట్ క్రూజర్ మనమే డిజైన్ చేస్తే?

నమస్తే అండీ. ఈ వీడియోలో స్ప్రింగ్‌షార్ప్ గురించి మాట్లాడుకుందాం. పాతకాలపు యుద్ధనౌకల్ని డిజైన్ చేసుకోవడానికి వాడే ఉచిత విండోస్ ప్రోగ్రామ్ ఇది. పొడవు, వెడల్పు, ఫిరంగులు, కవచం, ఇంజన్, ఏ సంవత్సరంలో కట్టడం మొదలుపెట్టారు, ఇవన్నీ మనం ఇస్తాం. ఆ ఓడ ఎంత బరువుంటుంది, నిలకడగా ఉంటుందా, ఎంత ఖర్చవుతుంది, ఎంతమంది సిబ్బంది కావాలి అన్నది రిపోర్టుగా వస్తుంది.

ఫీచర్లు చదివి వినిపిస్తే ప్రోగ్రామ్ సత్తా తెలియదు. అందుకే దానికి నిజమైన పని ఒకటి పెట్టాను.

1914 సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ లైట్ క్రూజర్ (చిన్నపాటి, వేగంగా వెళ్లే యుద్ధనౌక) ఎండెన్ మద్రాసు మీద గుండ్లు కురిపించి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబెట్టింది. అప్పటికే బంగాళాఖాతంలో వర్తక నౌకల్ని వరసగా ముంచుతూ వచ్చిన ఓడ అది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు చాలావరకు మద్రాసు ప్రెసిడెన్సీ కిందే ఉన్న రోజులవి. చివరికి నవంబర్ 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా క్రూజర్ సిడ్నీ దాన్ని దెబ్బతీసింది. ఎండెన్ సుమారు 3,660 టన్నులు, సిడ్నీ 5,400 టన్నులు. ఎండెన్‌వి 10.5 సెంటీమీటర్ల ఫిరంగులు (ఇది గొట్టం లోపలి వ్యాసం), గుండు 17 కిలోలు. సిడ్నీవి 6 అంగుళాలవి, గుండు 45 కిలోలు.

మరి ఎండెన్ అంత బరువులోనే, 1912లో కట్టడం మొదలుపెట్టి, దాన్ని తరిమి పట్టుకుని ఓడించే ఓడ తయారు చేయొచ్చా? ఇదే నా ప్రశ్న.

స్క్రీన్ చూడండి. సున్నా నుంచి మొదలుపెట్టకుండా, నిజంగా 1912లో మొదలైన బ్రిటిష్ లైట్ క్రూజర్ అరెథూసా కొలతలు ఇచ్చాను. నీటిమట్టం దగ్గర పొడవు 410 అడుగులు, వెడల్పు 39, నీటిలో మునిగే లోతు 13.4. ఇక్కడ బ్లాక్ కోఎఫిషియెంట్ అని ఒక గడి ఉంది. ఈ మూడు కొలతలతో ఒక పెట్టె అనుకుంటే, అందులో ఎంత భాగాన్ని ఓడ నింపుతుందో చెప్పే అంకె అది. 0.57 ఇద్దాం. నాలుగూ గుణించి 35తో భాగించండి, ఎందుకంటే 35 ఘనపు అడుగుల సముద్రపు నీరు ఒక టన్ను. 3,490 వస్తుంది. అసలు అరెథూసా 3,500 టన్నులు! కాలిక్యులేటర్‌తో ఇది చూసినప్పుడు నాకు భలే ఆనందమేసింది. ఈ ప్రోగ్రామ్ లోపల మాయ ఏమీ లేదు, మనం చేతితో సరిచూసుకోగల లెక్కే ఉంది.

ఇప్పుడు వేగం. ఎండెన్ 13,500 హార్స్‌పవర్‌తో 23.5 నాట్లు (నాట్ అంటే గంటకి ఒక సముద్రపు మైలు) వెళ్లేది. దాదాపు అంతే బరువున్న అరెథూసా 28.5 నాట్లు అందుకోవడానికి 40,000 హార్స్‌పవర్ పెట్టారు. అయిదు నాట్లకి దాదాపు మూడింతల శక్తి. స్ప్రింగ్‌షార్ప్‌లో వేగం గడిలో ఒక్కో నాట్ పెంచుతూ వెళ్లండి, రిపోర్టులో మెషినరీ శాతం, అంటే ఓడ బరువులో యంత్రాల వాటా, ఎలా ఉబ్బుతుందో కళ్లారా కనిపిస్తుంది. ఎండెన్‌ని పట్టుకోవడానికి 28 అక్కర్లేదు, 26 చాలు. అందుకని అక్కడ తగ్గించాను. కాస్త బరువు మిగిలింది.

మిగిలింది కదా అని ఫిరంగులు పెంచాను. అరెథూసాకి ముందొకటి, వెనకొకటి 6 అంగుళాలవి, పక్కల ఆరు 4 అంగుళాలవి. ఈ మిశ్రమం నాకు మొదటినుంచీ నచ్చలేదు. 1914 ఆగస్టు 28న జర్మనీ తీరం దగ్గర జరిగిన హెలిగోలాండ్ బైట్ యుద్ధంలో ఏమైందో చూడండి. అరెథూసా నౌకాదళంలో చేరి నెల కూడా కాలేదు. జర్మన్ ఓడ ఫ్రావెన్‌లోబ్‌తో తలపడింది. కొన్ని ఫిరంగులు జామ్ అయ్యాయి, కొన్ని దెబ్బతిన్నాయి. ముందున్న 6 అంగుళాల ఫిరంగి గుండు ఒకటి ఫ్రావెన్‌లోబ్ బ్రిడ్జి (ఓడని నడిపించే చోటు) మీద పడింది, అది వెనక్కి తిరిగింది. పని చేసింది పెద్ద గుండే.

కాబట్టి 4 అంగుళాలవన్నీ తీసేసి, ఓడ మధ్యరేఖ మీద 6 అంగుళాలవి అయిదు పెట్టాను. రిపోర్టులో నిలకడ అంకె వెంటనే దిగిపోయింది. బరువు డెక్ మీదకి చేరితే ఓడ ఒరగడం మొదలుపెడుతుంది. మందు ఒక్కటే, వెడల్పు పెంచాలి. 39ని 42 చేశాను, ఊపిరి పీల్చుకుంది. ఇది కేవలం కంప్యూటర్ మాట అనుకోకండి. బ్రిటిష్ వాళ్లు తర్వాత కట్టిన సెంటార్, కాంకర్డ్ క్రూజర్లు చూడండి: మధ్యరేఖ మీద 6 అంగుళాలవి అయిదు, వెడల్పు 42 అడుగులు. చరిత్ర వెళ్లిన దారిలోనే ఈ లెక్క కూడా వెళ్లింది. నా దృష్టిలో ఈ ప్రోగ్రామ్‌కి ఇంతకంటే మంచి సర్టిఫికెట్ లేదు.

అయితే అసలు చిక్కు ఇంధనం దగ్గర వచ్చింది. అరెథూసా పూర్తిగా నూనెతో నడిచేది. ఉత్తర సముద్రంలో ఇంగ్లండ్ రేవులు దగ్గరే కాబట్టి సరిపోయింది. హిందూ మహాసముద్రంలో కొలంబో, ఏడెన్ లాంటి రేవుల్లో ఆరోజుల్లో దొరికేది ప్రధానంగా బొగ్గు. అదే వేడి రావాలంటే నూనె కంటే బొగ్గు ఎక్కువ బరువు కావాలి, ఎక్కువ చోటు కావాలి, పారతో వేసే మనుషులు కావాలి. ప్రోగ్రామ్‌లో బొగ్గు శాతం పెంచి, వేల మైళ్ల ప్రయాణం అడిగితే, హల్ స్ట్రెంగ్త్, అంటే ఓడ చట్రం బలం చెప్పే అంకె, 1 కంటే కిందికి జారింది; అంటే చట్రం బలం చాలదని. యంత్రాలకీ సామానుకీ చోటు ఇరుకు అని రిపోర్ట్ చెప్పేసింది. కవచం కోయడం నాకిష్టం లేదు, అందుకే ఓడనే పెంచాను. పొడవు 440, వెడల్పు 46, లోతు 15.5, కోఎఫిషియెంట్ 0.53. గుణించి చూడండి, 4,750 టన్నులు. ఎండెన్ బరువు ఎప్పుడో దాటేశాం, సిడ్నీ వైపు నడుస్తున్నాం. నా ప్రశ్నకి జవాబు, కుదరదు. ఉత్తర సముద్రానికి 3,500 టన్నులు చాలు, మన సముద్రానికి చాలదు.

ఇక లోపాలు. చూడటానికి పాతకాలపు విండోస్ కిటికీలు, గడుల నిండా అంకెలు. మొదటిసారి తెరిచినవాళ్లకి కంగారు పుడుతుంది. యుద్ధం ఆడించదు, గేమ్ కోసం చూసేవాళ్లకి పనికిరాదు. ఇంకో పెద్ద లోటు, మనుషులు కనిపించరు. సముద్రంలో ఓడ నడకకి మొత్తంగా ఒక మార్కు ఇస్తుంది, అంతే. ముందు ఫిరంగి దగ్గర నిలబడ్డవాళ్ల మీద ఎంత నీరు ఎగిసిపడుతుందో చెప్పదు. బ్రిటిష్ 'C' క్లాస్ క్రూజర్లలో సరిగ్గా ఇదే బాధ, చివరి ఓడలకి ముక్కు ఎత్తు పెంచాల్సి వచ్చింది. అలాంటివి మీరే చదువుకుని కలుపుకోవాలి.

అయినా డబ్బు కట్టకుండా దొరికే వాటిలో, ఓడ డిజైన్ ఇంత నిజాయితీగా నేర్పేది నేను ఇంకోటి చూడలేదు. నౌకాచరిత్ర ఇష్టపడేవాళ్లు, ఇంజనీరింగ్ చదివే పిల్లలు తప్పకుండా వేసుకోండి. మొదటి రోజే కొత్త ఓడ మొదలుపెట్టకండి. అరెథూసా కొలతలే ఇచ్చి, వెడల్పు ఒక్కటే ఒక్కో అడుగు మారుస్తూ నిలకడ, కావలసిన ఇంజన్ శక్తి, బరువు మూడూ ఎటు కదులుతున్నాయో రాసుకోండి. మీకు వచ్చిన అంకెలు కామెంట్లలో పెట్టండి, నేను చూస్తాను.