పురుగు గుడ్డు తెరవడానికి బ్యాక్టీరియా కావాలి

యాంకర్: డాక్టర్ గారూ, ఫిబ్రవరి వచ్చిందంటే మా సింగ్ నగర్ అంగన్‌వాడీలో పిల్లల చేత ఆల్బెండజోల్ మాత్ర నమిలిస్తారు. పురుగులు పోతాయి, సరే. పేగుల్లోని బ్యాక్టీరియాకీ వాటికీ ఏమన్నా సంబంధం ఉందా అండీ?

డాక్టర్: గుడ్డు దగ్గరే మొదలవుతుందమ్మా. కొరడా పురుగని ఒకటుంది, పెద్దపేగులో కాపురం. మైక్రోస్కోపులో దాని గుడ్డు చిన్న పీపాలా కనిపిస్తుంది, రెండు చివర్లా బిరడాలు. లోపల పిల్ల తయారయ్యాక కూడా అది తెరుచుకోదు. మన నోట్లో పడి, పెద్దపేగు దాకా చేరాలి. ఎలుకల్లో ఉండే రకంలో చూస్తే, పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియా తన సన్నని నూగుతో ఆ బిరడాని పట్టుకుంటుంది. అప్పుడు తెరుచుకుంటుంది.

యాంకర్: బ్యాక్టీరియా తాకకపోతే?

డాక్టర్: తెరుచుకోదు! 2010లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు గుడ్లకీ బ్యాక్టీరియాకీ మధ్య వడపోత పొర పెట్టి చూశారు. ద్రవం అదే, వేడి అదే, తాకడం ఒక్కటే లేదు. గుడ్లు అలాగే ఉండిపోయాయి. ఎన్నిసార్లు చెప్పినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

యాంకర్: అయితే యాంటీబయాటిక్ మింగితే సరిపోతుందా?

డాక్టర్: వద్దమ్మా, అలా ఎవరూ చేయకండి. మంచి బ్యాక్టీరియా కూడా పోతుంది, మందులకి లొంగనివి మిగులుతాయి.

యాంకర్: పురుగు లోపల స్థిరపడ్డాకో?

డాక్టర్: దాన్ని తోసేయడానికి పేగు జిగురు ఎక్కువ కారుస్తుంది. దాంతో బ్యాక్టీరియాలో ఎవరి బలం ఎంతన్నది మారిపోతుంది. పేగులు వాచే క్రోన్స్ అనే వ్యాధికి సంబంధించిన జన్యులోపం ఉన్న ఎలుకల్లో కొరడా పురుగులు చేరాక క్లాస్ట్రిడియా అనే బ్యాక్టీరియా గుంపు పెరిగింది, పేగు వాపుకి కారణమయ్యే ఒక బ్యాక్టీరాయిడ్స్ రకం బ్యాక్టీరియా తగ్గింది. 2016 నాటి మాట. అప్పుడే మలేసియాలో ఒరాంగ్ అస్లీ అనే ఆదివాసులకి పురుగుల మందు ఇచ్చి చూస్తే, బ్యాక్టీరియాలో ఈ మార్పు తిరగబడింది.

యాంకర్: మరైతే పురుగులుంటేనే మంచిదనేవాళ్ల మాట నిజమేనా?

డాక్టర్: ఆ మాట నేను ఒప్పుకోను. పేగుల్లో చేరే ఇంకో రకం, కొంకి పురుగు, పేగు గోడని కరిచి రక్తం తాగుతుంది. అసలే రక్తం తక్కువున్న ఆడపిల్లకి ఈ ప్రయోగాలు చూపించి మాత్ర మానిపిస్తామా? పరిశోధన వాపు తగ్గించే మందు కోసం జరగాలి, పురుగుల్ని ఉంచుకోవడానికి కాదు. ఆల్బెండజోల్ ఏడాది నుంచి రెండేళ్లలోపు వాళ్లకి 200 మిల్లీగ్రాములు, ఆపైన 19 ఏళ్ల దాకా 400. ఇంకోటి, కొరడా పురుగు ఒక్క మాత్రకి చాలాసార్లు లొంగదు. అందుకే ఆగస్టులో మళ్లీ ఇస్తే, ఫిబ్రవరిలో వేశాం కదా అని మానెయ్యొద్దు.