ఏ ఊళ్లో వాడి చూశారు?

అందరికీ నమస్కారం. ఫోన్లు, గాడ్జెట్ల రివ్యూల గురించి మాట్లాడమని పిలిచారు, మీలో చాలామంది యూట్యూబ్‌లో అవే చేస్తున్నారని కూడా చెప్పారు. నేను మాత్రం కూలర్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే పాలకొల్లులో సర్వీసింగ్ షాపు పెట్టుకున్నవాడికి వేసవిలో ఎక్కువ తిట్లు తెచ్చిపెట్టేది అదే.

కూలర్ చల్లబరిచేది నీళ్లు ఆవిరవడం వల్ల. ఎండ 40 డిగ్రీలున్నా గాలిలో తేమ 20 శాతమే ఉంటే మంచి కూలర్ పాతిక డిగ్రీల గాలి ఇవ్వగలదు. మన దగ్గర ఎండ 36 డిగ్రీలే ఉన్నా తేమ 65 శాతం ఉందనుకోండి, అదే మోటారు, అదే గడ్డి, ఎంత గింజుకున్నా 30కి దిగదు, పైగా గదంతా చెమ్మ. ఇందులో కంపెనీ తప్పేం లేదు, మన ఉక్కపోత అలాంటిది. నాగపూర్‌లో మే నెలలో వాడినాయన ఐదు స్టార్లు ఇచ్చాడు, అబద్ధం చెప్పలేదు. ఇక్కడ కొన్నాయన 'శుద్ధ దండగ' అని ఒక స్టార్ పడేశాడు, ఆయనా అబద్ధం చెప్పలేదు. ఈ రెండూ కలిపి సైటువాళ్లు సగటున మూడు అని చూపిస్తారు చూడండి, అది మాత్రం ఏ ఇంటికీ పనికిరాని అంకె.

స్టార్లు చూసి కొనే ఇదే మనిషి వరి విత్తనం దగ్గర ఇలా ఉండడు. మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ, అదే 7029 నంబరు వరి రకం, 1982లో విడుదలైంది, ఇవాళ్టికీ దాని పేరు తెలియని రైతు లేడు. అయినా 'స్వర్ణ మంచిదేనా' అని ఎవరైనా అడిగితే మన పెద్దవాళ్లు జవాబు చెప్పరు, ఖరీఫ్ సార్వాకా రబీ దాళ్వాకా, మెరకా పల్లమా అని ఎదురు అడుగుతారు. ఫోన్ దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రశ్న ఎందుకు అడగమో నాకు అర్థం కాదు.

ఫోన్ డబ్బా మీద ఐపీ68 అని, అంటే దుమ్మూ నీళ్లూ తట్టుకుంటుందని రాసి ఉంటుంది, రివ్యూ చేసే కుర్రాడు ఫోన్‌ని గ్లాసులో ముంచి తీసి 'వాటర్‌ప్రూఫ్ బ్రో' అంటాడు. ఆ పరీక్ష చేసేది మంచినీళ్లలో, కొత్త ఫోన్‌తో, ఎంత లోతు, ఎంతసేపు అన్నది కంపెనీయే చెప్పుకుంటుంది. మన కుర్రాళ్లు జేబులో పెట్టుకుని దిగేది ఉప్పునీటి రొయ్యల చెరువులోకి. తడి ఆరకముందే చార్జింగ్ పెడితే పిన్నులు పచ్చగా చిలుము పట్టి వస్తాయి. వారంటీ చీటీ చదివితే నీళ్ల డ్యామేజీకి మాకు సంబంధం లేదని చాలా కంపెనీలు రాసే ఉంచుతాయి. ఆ ఒక్క లైను వీడియోలో చదివితే పది సెకన్లు కూడా పట్టదు.

కంపెనీల వైపు కూడా న్యాయంగా మాట్లాడుకోవాలి కదా. కొరియర్ లేటైందని మిక్సీకి ఒక స్టార్, ఇంట్లో వోల్టేజీ 170కి పడిపోతుంటే ఏసీ కంప్రెసర్ బాలేదని రివ్యూ. స్టెబిలైజర్ ఉందా అని అడిగితే మొహం పక్కకు తిప్పుతారు.

ఊరికే వచ్చిన సరుకు సంగతి క్లుప్తంగా చెప్తాను. డబ్బులు తీసుకున్నా, వస్తువు ఉచితంగా తీసుకున్నా ఆ మాట చూసేవాళ్లకి కనపడేలా చెప్పాలని 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. అంతకుముందు 2022 నవంబరులో సైట్లలో వచ్చే రివ్యూల కోసం సరుకుల ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ బీఐఎస్, ఐఎస్ 19000 అనే ప్రమాణం కూడా తెచ్చింది. మంచివే. కానీ 'ఫ్రీగా వచ్చింది' అని నిజాయితీగా చెప్పినవాడు కూడా రెండు రోజులే వాడానన్న సంగతి చెప్పడు, బ్యాటరీ ఏడాది తర్వాత ఎలా ఉంటుందో వాడికీ తెలీదు. వాడిన రోజులు చెప్పమని నేనైతే ముందు అడుగుతాను.

చివరిగా డీఓ మీటరు, అంటే చెరువు నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచేది. ఈ హాల్లో సగం మంది ఇళ్లలో ఉండే ఉంటుంది. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఎన్ని తిప్పాలో ఆ అంకె చూసే నిర్ణయిస్తారు. 30 డిగ్రీల మంచినీళ్లు లీటరుకి దాదాపు ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటాయి, సముద్రపు నీళ్లయితే ఆరు చిల్లరే. అందుకని మీటర్లో సెలినిటీ, అంటే నీళ్లలో ఉప్పు, ఎంతో మనం నొక్కాలి, లేకపోతే ఉప్పు చెరువులో ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఈ మీటరు మీద 'సూపర్, కరెక్ట్‌గా చూపిస్తోంది' అన్న రివ్యూ రాసినాయనది మంచినీటి చేపల చెరువైతే ఆయన మాట నిజమే. అది చదివి కొన్న వనామీ రొయ్యల రైతు సెలినిటీ సున్నా మీదే వదిలేసి, అంకె బాగానే ఉంది కదా అని రెండు ఏరియేటర్లు ఆపుకుని పడుకుంటే? మీటరుకి ఒక స్టార్ ఇస్తాడు, అదీ చెరువులో రొయ్య మిగిలితే.

కాబట్టి మీ వీడియో మొదట్లోనే ఊరు, నెల, ఎన్నాళ్లు వాడారు, సొంత డబ్బా కాదా, వోల్టేజీ ఎంత, నీళ్లు ఉప్పువా మంచివా, ఇవి చెప్పేయండి. వ్యూస్ తగ్గుతాయని ఇందాక బయట ఒక తమ్ముడు అన్నాడు, తగ్గొచ్చు కూడా. ప్రశ్నలుంటే అడగండి, మైకు ముందు ఆ వెనక వరసకి ఇవ్వండి.