నిప్పు నేర్పిన ఇటుక: లండన్ గాఫ్ స్క్వేర్‌లో 17వ నంబరు ఇల్లు

అందరికీ నమస్కారం.

లండన్‌లో ఫ్లీట్ స్ట్రీట్ నుంచి ఒక సన్నని సందులోకి తిరిగితే బస్సుల చప్పుడు వెనకబడిపోతుంది. రెండు మూడు మలుపులు దాటాక చిన్న ఆవరణ, దాని కొసన ఒక పాత ఇటుక ఇల్లు. 1700 ప్రాంతంలో రిచర్డ్ గాఫ్ అనే ఉన్ని వర్తకుడు అక్కడ కట్టించిన ఇళ్లలో మిగిలింది ఇదొక్కటే. ఇంగ్లీషు నిఘంటువు తయారుచేసిన శామ్యూల్ జాన్సన్ 1748 నుంచి 1759 దాకా ఇందులో అద్దెకున్నారు. చాలామంది ఆయన కోసమే వస్తారు. నేను మాత్రం ముందు గోడ దగ్గర ఆగమంటాను.

1666 సెప్టెంబరులో లండన్ నాలుగు రోజులు తగలబడింది. 13,000కు పైగా ఇళ్లు పోయాయి, ఎక్కువగా చెక్కవే. మరుసటి ఏడాదే చట్టం వచ్చింది: ఇకమీదట బయటి గోడలు ఇటుకతోనో రాతితోనో కట్టాలి, ఏ తరగతి ఇంటికి గోడ ఎంత మందం ఉండాలో కూడా చట్టమే చెప్పింది. 1709లో ఇంకో నిబంధన: కిటికీ చెక్క చట్రం గోడ అంచున ఉండకూడదు, నాలుగు అంగుళాలు లోపలికి జరగాలి. వీధిలో మంటలు లేస్తే ముందు అంటుకునేది ఆ చెక్కే కదా! ఆ తర్వాతి ఇళ్ల కిటికీల చుట్టూ పడే నీడ మనకు అందంగా కనిపిస్తుంది. అది భయంలోంచి పుట్టిన అందం.

ఇటుకల పేర్పు చూడండి. అప్పటి ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఫ్లెమిష్ బాండ్. ఒకే వరసలో ఒక ఇటుక పొడుగు వైపు కనిపిస్తే పక్కది పొట్టి వైపు కనిపిస్తుంది. పొట్టి వైపు కనిపించే ఇటుక గోడ లోపలికి చొచ్చుకుపోయి, ముందు పొరనీ వెనక పొరనీ కలిపి పట్టుకోవాలి. కానీ చాలామంది కాంట్రాక్టర్లు బయటికి మంచి ఇటుక, లోపలికి నాసి ఇటుక వాడి, పొట్టి వైపు కనిపించే ఇటుకల్ని సగానికి విరగ్గొట్టి అతికించారు. స్థలం లీజుది, గడువు తీరాక ఇల్లు భూస్వామిదే. ఇక గట్టిగా కట్టాలన్న పట్టుదల ఎందుకుంటుంది? అలాంటి గోడలు కాలం గడిచేకొద్దీ వీధి వైపు ఉబ్బాయి. ఈ సంగతి దాచి ఆ కాలపు ఇళ్లను పొగడటం నాకు ఇష్టం లేదు.

ఇటుకతో మూసేసిన కిటికీ కనిపించగానే గైడ్లు కిటికీల పన్ను కథ చెబుతారు. 1696 నుంచి 1851 దాకా ఆ పన్ను ఉన్నమాట నిజమే. అయితే ముందుభాగం వరుస తప్పకూడదని మొదటినుంచీ మూసి కట్టిన ఉత్తుత్తి కిటికీలూ చాలా ఉన్నాయి.

వీధి వైపు స్థలం ఖరీదు కాబట్టి ఇళ్లు ఇరుకుగా, నిట్టనిలువుగా లేచాయి. నేలకింద వంటిల్లు, పైన అంతస్తుకు రెండేసి గదులు, అటక, అన్నిటినీ కలుపుతూ మెట్లు. గాఫ్ స్క్వేర్ ఇంట్లో నాకు ఎంతో నచ్చేది మొదటి అంతస్తు. అక్కడి చెక్క అడ్డుగోడలు కీళ్ల మీద తలుపుల్లా తిరుగుతాయి. మూస్తే విడివిడి గదులు, తెరిస్తే ఒకే హాలు. వీధి తలుపుకు బరువైన గొలుసు. దాని పైనున్న అద్దం వెనక ముళ్ల ఇనప కడ్డీ, ఆ ఖాళీలోంచి చిన్నపిల్లల్ని దూర్చి దొంగతనం చేయించేవాళ్లకు అడ్డంగా.

అన్నిటికన్నా పైన అటక. ఆరుగురు లేఖకులు అక్కడ కూర్చుని రాస్తే, 1755లో 42,773 మాటలతో నిఘంటువు వెలువడింది. 1911లో ఈ ఇల్లు కూలిపోయే స్థితిలో ఉంటే సెసిల్ హార్మ్స్‌వర్త్ అనే రాజకీయ నాయకుడు కొని బాగుచేయించారు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు ఆ అటక పైకప్పు దెబ్బతింది. ఆ రోజుల్లో ఊళ్లో మంటలు ఆర్పి అలసిపోయిన ఫైర్ సర్వీస్ సిబ్బంది కాస్త సేద తీరడానికి వచ్చింది ఈ ఇంటికే.