ఫోటో పెట్టాను, ఇచ్చేయలేదు

అక్క: నమస్కారం అండీ. నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాం. ఈ వారం నా పక్కన కూర్చున్నది మా చిన్నాన్న కొడుకు, 12 ఏళ్లుగా ఇక్కడే ఫోటో స్టూడియో నడుపుతున్నాడు. ఈ ఎపిసోడ్‌కి మూలం వీడి అమ్మ, అంటే మా పిన్ని, నాకు చేసిన ఒక ఫోన్.

తమ్ముడు: అమ్మ ఆ రోజు కావలిలో బస్సు దిగి ఆటో కోసం చూస్తా ఉంది.

అక్క: అక్కడి నుంచే ఫోన్ చేసి, "ఏంది అమ్మీ, కావలిలో బ్లౌజుల షాపు పెట్టావంట, మాకు ఒక్క మాటన్నా చెప్పలేదే" అంది. నాకు అర్థం కాలేదు. ఫోటో తీసి పంపించు పిన్నీ అంటే పంపించింది. చూస్తే ఎనిమిదడుగుల ఫ్లెక్సీ, దాని మీద నేను. ఆకుపచ్చ వెంకటగిరి చీర, ఎర్ర జాకెట్టు, చేతుల మీద మగ్గం వర్క్. పక్కన 'మగ్గం వర్క్ చేయబడును' అని రాసి కింద ఫోన్ నంబరు.

తమ్ముడు: గృహప్రవేశం ఫోటో అది. నాకు చూడగానే తెలిసిపోయింది.

అక్క: రెండేళ్ల కిందట మా గృహప్రవేశం రోజు మీ బావ ఫోన్‌లో తీసిన ఫోటో, అప్పుడే సోషల్ మీడియాలో పెట్టాను. అందులో నేను ఒక్కదాన్నే లేను, అవ్వ కూడా ఉంది. నా భుజం మీద చెయ్యేసి నిలబడింది. ఆ ఫ్లెక్సీ చేసినవాళ్లు అవ్వని తీసేశారు. తీసేశారు కానీ చెయ్యి మొత్తం పోలేదు. నా ఎడమ భుజం మీద నాలుగు వేళ్లు అట్టాగే మిగిలిపోయాయి. చూపుడు వేలికి ఆ పాత రాగి ఉంగరం కూడా. అవ్వ పోయి అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు.

తమ్ముడు: నేను ఆ ఫోటో ఫోన్‌లో పెద్దది చేసి చూసి చాలాసేపు మాట్లాడలేకపోయాను అక్కా. కటింగ్ సరిగ్గా చేయలేదు అనే కోపం కాదు. ఆ మనిషి ఎవరో కూడా చూడకుండా చెరిపేశారే అని.

అక్క: నాకు ముందు కోపమే వచ్చింది, ఆ తర్వాత భయం. ఆ ఫోటో కింద ఉన్న నంబరుకి ఎవరెవరు ఫోన్ చేస్తారు, నేనే అనుకుని ఏం మాట్లాడతారు అని టెన్షన్. ఆ రాత్రి నిద్ర లేదు. పొద్దున్నే మీ బావా నేనూ కావలి పోయాం. షాపు ఆవిడ చాలా మర్యాదగా కూర్చోబెట్టి, "గూగుల్‌లో దొరికిందమ్మా, అందరూ చూసేలాగే పెట్టారు కదా, వాడకూడదని మాకు తెలీదు" అంది. ఈ ఒక్క మాట గురించే ఇవాళ మాట్లాడాలి. అందరూ చూసేలా పెట్టడమంటే అందరికీ ఇచ్చేసినట్టు కాదు. మా ఇంటి ముందు ముగ్గు వేస్తే దారిన పోయేవాళ్లందరూ చూస్తారు, చూసి సంతోషపడతారు. అంతమాత్రాన ఆ వాకిలి వాళ్లది అయిపోదు.

తమ్ముడు: ఆ డిజైనర్లు చేసే పని నాకు తెలుసు కాబట్టి చెప్తున్నా. పది నిమిషాల్లో ఫ్లెక్సీ కావాలంటారు, 'మగ్గం వర్క్ బ్లౌజ్' అని వెతుకుతారు, బాగున్న మొహం ఒకటి తీసుకుంటారు. ఆ ఫోటోలో ఉన్నది మోడలా, ఎవరింటి ఆడపిల్లా అని ఆలోచించేది ఉండదు. హక్కులు కొనుక్కునే స్టాక్ ఫోటోలు ఉంటాయి, ఉచితంగా వాడుకోమని ఇచ్చేవీ ఉంటాయి. అయినా ఆ అలవాటే లేదు.

అక్క: సరే, ఇప్పుడు చట్టం సంగతి. నాకు తెలిసిన అడ్వకేట్ ఒకాయన్ని అడిగి, చట్టం కూడా తీసి చదివాను. ముందు నాకు తగిలిన దెబ్బ చెప్తా. ఆ షాపువాళ్లు అదే ఫోటోని సోషల్ మీడియాలో కూడా పెట్టారు. నేను కాపీరైట్ ఫారం నింపి, 'ఇది నా ఫోటో, తీసేయండి' అని పంపాను. తిరస్కరించారు. ఎందుకంటే ఆ ఫారంలో అడిగేది ఫోటోలో ఎవరున్నారని కాదు, ఫోటో ఎవరిదని. నేను ఫోటోలో ఉన్నాను. తీసింది మీ బావ.

తమ్ముడు: ఇక్కడే అందరూ పొరపడతారు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో ఫోటోకి కర్త అంటే తీసినవాడు. మొహం ఎవరిదైనా సరే, మామూలుగా బటన్ నొక్కినవాడిదే కాపీరైట్. రిజిస్టర్ చేయించాల్సిన అవసరం కూడా లేదు, తీసిన క్షణం నుంచే ఉంటుంది. 2012లో చట్టం మార్చాక ఫోటోలకి కూడా తీసినవాడి జీవితకాలం, ఆపైన ఇంకో 60 ఏళ్లు.

అక్క: అంటే ఆ గృహప్రవేశం ఫోటో మీద హక్కు మా ఆయనది. ఆయన పేరుతో, ఆయన ఫోన్‌లో ఉన్న ఒరిజినల్‌ని చూపించి మళ్లీ ఫారం పంపాం. రెండు రోజుల్లో పోస్టు పోయింది. అది తెలియక నేను నాలుగు రోజులు పోగొట్టుకున్నాను. వినేవాళ్లు ఎవరూ ఆ నాలుగు రోజులు పోగొట్టుకోకూడదనే ఇంత వివరంగా చెప్తున్నా.

తమ్ముడు: ఒరిజినల్ అంటే ఏదో కూడా చెప్పక్కా. వాట్సాప్‌లో వచ్చింది ఒరిజినల్ కాదు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో సైజు తగ్గిపోతుంది, ఎప్పుడు తీశారు, ఏ ఫోన్‌తో తీశారు అనే వివరాలు ఎగిరిపోతాయి. తీసిన ఫోన్‌లోనో కెమెరా కార్డులోనో ఉన్న ఫైలే మన సాక్ష్యం. పిల్లల ఫోటోలు, ఇంటి ఫోటోలు అందరూ గ్రూపుల్లో నుంచి దించుకుని అసలువి చెరిపేస్తుంటారు, స్టోరేజ్ లేదని. దయచేసి అట్టా చేయొద్దు.

అక్క: ఇంకొకటి, గొడవకి పోయే ముందు సాక్ష్యం పట్టుకోవాలి. కోపంలో ముందు ఫోన్ చేసి తిడితే వాళ్లు వెంటనే తీసేస్తారు, రేపు 'మేం పెట్టనే లేదు' అంటే మన దగ్గర ఏమీ ఉండదు. పోస్టు స్క్రీన్‌షాట్, దాని లింకు, తేదీ, ఫ్లెక్సీ అయితే చుట్టూ ఉన్న షాపులు కూడా కనిపించేలా ఫోటో. కోర్టు దాకా పోతే ఈ ఎలక్ట్రానిక్ ఆధారాలతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి, దాన్ని అడ్వకేట్ చూసుకుంటారు. మేం కోర్టుకి పోలేదు. కాపీరైట్ చట్టంలో మాత్రం గట్టిగానే ఉంది, 63వ సెక్షన్ కింద తెలిసీ ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా.

తమ్ముడు: కోర్టుకి ఎందుకు పోలేదో చెప్పు.

అక్క: ఆవిడ అప్పు తెచ్చి షాపు పెట్టుకున్న మనిషి. నా ఫోన్‌లో ఉన్న పూర్తి ఫోటో చూపించి, "ఈ చెయ్యి మా అవ్వదమ్మా, ఇప్పుడు లేదు" అన్నాను. ఆవిడ లేచి బయటికి పోయి ఫ్లెక్సీ దగ్గర నిలబడి ఆ వేళ్లని చూసింది. అప్పటిదాకా వాటిని చూడనే లేదంట. తీసేస్తాననీ, ఇంకెక్కడా వాడననీ కాగితం మీద రాసిచ్చింది. నాకు కావాల్సింది అదే.

తమ్ముడు: ఇప్పుడు ఫోటోలో ఉన్నవాళ్ల హక్కు సంగతి. నేను ఫోటో తీసేవాణ్ణి కాబట్టి అందరూ కాపీరైట్ నా వైపు ఉందంటారు. కానీ కాపీరైట్ ఒక్కటే సరిపోదు. 2007లో అమెరికాలోని టెక్సాస్‌లో ఒక పదిహేనేళ్ల అమ్మాయి ఫోటోని తెలిసినాయన తీసి ఫ్లికర్ అనే ఫోటోల సైట్‌లో పెట్టాడు, పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు అనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో. ఎక్కడో ఆస్ట్రేలియాలో వర్జిన్ మొబైల్ అనే ఫోన్ కంపెనీ వాళ్లు దాన్ని బస్టాపుల్లో ప్రకటనగా వేశారు. తీసినవాడి అనుమతి ఉంది. ఆ పిల్ల అనుమతి ఎవరూ అడగలేదు. ఇంట్లోవాళ్లు అమెరికాలో కేసు వేస్తే, ఆస్ట్రేలియా కంపెనీ మీద మా కోర్టుకి అధికారం లేదని కొట్టేశారు.

అక్క: మన దగ్గర 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల బెంచి పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చి చెప్పింది. తీసినవాడికి ఫోటో మీద హక్కు ఉంటే, ఉన్నవాళ్లకి తమ మొహం మీద, తమ బతుకు మీద హక్కు ఉంటుంది. రెండూ వేరు వేరు. ఇప్పుడు నిన్నే అడుగుతున్నా తమ్ముడూ, నీ స్టూడియో పేజీలో పెళ్లి ఫోటోలు పెడతావు కదా, వాళ్లని అడిగేవాడివా?

తమ్ముడు: మొదట్లో అడగలేదు. తప్పే. నేను తీశాను కాబట్టి నావే అనుకునేవాణ్ణి. అసలు అది కూడా నిజం కాదు. డబ్బులిచ్చి ఎవరైనా మనతో ఫోటో తీయిస్తే, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఆ ఫోటోకి మొదటి హక్కుదారు తీయించినవాళ్లే. అంటే పెళ్లివాళ్లే. ఈ మాట మా ఫోటోగ్రాఫర్లలోనే చాలామందికి తెలీదు. ఇప్పుడు నేను అడ్వాన్సు తీసుకునేటప్పుడు ఇచ్చే కాగితంలో రెండు వరుసలు పెట్టాను. పేజీలో పెట్టుకోవచ్చా, పిల్లలు ఉన్నవి పెట్టుకోవచ్చా. కొందరు రెండిటికీ ఒప్పుకుంటారు, కొందరు పెద్దవాళ్లవి పెట్టుకో, పిల్లలవి వద్దు అంటారు. ఎవరూ బాధపడలేదు, అడిగినందుకు సంతోషపడ్డారు.

అక్క: రొట్టెల పండగ ఫోటో సంగతి కూడా చెప్పు.

తమ్ముడు: అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటది. మొహర్రం నెలలో మన బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి రొట్టెలు మార్చుకుంటారు కదా. పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇంటి రొట్టె, ఎవరి కోరిక వాళ్లది. తెల్లవారుజామున వెలుతురు చాలా బాగుంది. మోకాళ్ల లోతు నీళ్లలో ఒకావిడ కళ్లు మూసుకుని సంతాన రొట్టె పట్టుకుని నిలబడి ఉంది. తీశాను, పెట్టాను. ఒక పేజీ వాళ్లు కింద కుడిపక్క ఉన్న నా పేరు కోసేసి వాళ్ల పేరు వేసుకున్నారు. నేను నా పేరు పోయిందని గోల చేస్తున్నా. నా భార్య చూసి, "ఆవిడకి పిల్లల్లేరని ఊరంతటికీ చెప్పింది నువ్వే కదా" అంది.

అక్క: ఆ మాట నాకు చెప్పినప్పుడు నీ మొహం నాకు గుర్తుంది.

తమ్ముడు: ఆ క్షణమే తీసేశాను. ఆ పేజీ వాళ్లకి కాపీరైట్ కంప్లయింట్ పెట్టి అక్కడా తీయించాను, ఈసారి నా పేరు కోసం కాదు. ఆమె ఎవరో నాకు తెలీదు, క్షమాపణ చెప్పుకునే దారి కూడా లేదు. ఇప్పుడు పండగలో తీస్తే చేతులు, రొట్టెలు, నీళ్లు తీస్తున్నా. మొహం కావాలంటే గట్టుకొచ్చాక అడిగి తీస్తున్నా.

అక్క: ఇంకా పెద్ద ప్రమాదం మార్ఫింగ్. మామూలు ఫోటోని తీసుకుని ఏఐతో బట్టలు లేనట్టు చేసి బెదిరించడం. ఇది వినే ఆడపిల్లలు ఉంటే, ముందు ఇంట్లో ఒక్క మనిషికైనా చెప్పమ్మా. డబ్బులు పంపమంటే పంపొద్దు, పంపితే మళ్లీ అడుగుతారు. 2021 ఐటీ రూల్స్‌లో అట్టాంటి ఫోటో మీద కంప్లయింట్ వస్తే 24 గంటల్లోపు తీసేసే చర్యలు తీసుకోవాలని యాప్‌లకి రాశారు, 2026 ఫిబ్రవరిలో ఆ గడువుని రెండు గంటలకి తగ్గించారు, మార్ఫింగ్ చేసినవి కూడా అందులోకే వస్తాయి. యాప్‌లో గ్రీవెన్స్ ఆఫీసర్ అని ఉంటారు, వాళ్లకి రాయాలి. కేంద్రప్రభుత్వం సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్లు, పిల్లల మీద జరిగే నేరాలకి పేరు చెప్పకుండా కూడా కంప్లయింట్ ఇవ్వొచ్చు. డబ్బులు పోయి ఉంటే 1930కి వెంటనే ఫోన్ చేయాలి.

తమ్ముడు: స్టాప్ ఎన్‌సీఐఐ అని ఒక సైట్ ఉంది, 18 దాటినవాళ్లకి. ఆ ఫోటోని వాళ్లకి పంపక్కర్లేదు. మన ఫోన్‌లోనే దానికి వేలిముద్ర లాంటి ఒక కోడ్ తయారవుతుంది, ఆ కోడ్ మాత్రమే వెళ్తుంది. అందులో చేరిన యాప్‌లలో అదే ఫోటో కనబడితే ఆపుతారు. 18 లోపు పిల్లలకి టేక్ ఇట్ డౌన్ అని అట్టాంటిదే ఇంకొకటి ఉంది.

అక్క: చాలామంది, పెట్టడం ఎందుకు, ఏడవడం ఎందుకు అంటారు. నాతో కూడా అన్నారు, మా బంధువులే. ఆ మాట నేను ఒప్పుకోను. మేం యాప్‌లో పెట్టేటప్పుడు, మా ఫోటోని వాళ్ల దగ్గర చూపించుకోడానికి ఆ యాప్‌కి అనుమతి ఇచ్చాం, నిజమే. కావలిలో షాపుకి ఇవ్వలేదు. తప్పు తీసుకున్నవాళ్లది, పెట్టినవాళ్లది కాదు. గృహప్రవేశం రోజు సంతోషం నలుగురితో పంచుకోవడం తప్పెట్టా అవుతుంది?

తమ్ముడు: ఆ ఫ్లెక్సీ ఏమైంది చివరికి?

అక్క: ఆవిడే చుట్టి నా చేతికిచ్చింది. ఇంటికి తెచ్చి హాల్లో పరిచాను. మా చిన్నది ఆ వేళ్ల దగ్గర కూర్చుని, "జేజి చెయ్యి, మిగతా జేజి యాడ?" అంది.

తమ్ముడు: బావ ఫోన్‌లో ఒరిజినల్ ఉంది కదా. కేబుల్‌తో ఎక్కించి ఇవ్వు, వాట్సాప్‌లో వద్దు. ఫ్రేమ్ కట్టిస్తా.

అక్క: పెద్ద సైజులో వేయి. ఎడమపక్క ఏమీ కోయమాక.