మోరీ చివర ఏముంది?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకే చదివారు, మళ్లీ చదవను. ఫిబ్రవరి 2, చిత్తడి నేలల దినోత్సవం, పాఖాల చెరువు గురించి, పక్షుల గురించి మాట్లాడమన్నారు. రాసుకొనే వచ్చాను. కానీ ఎదురుగా ఇంతమంది సర్పంచులు, పంచాయతీ కార్యదర్శులు కూర్చున్నాక ఆ కాగితం తీయబుద్ధి కావడం లేదు. మోరీ గురించి, అంటే ఊరి మురుగు కాలువ గురించి మాట్లాడతాను.

ముప్పై ఏళ్లు ఊళ్లలో సీసీ రోడ్లు, మోరీలు వేయించిన ఇంజనీరును నేను. వర్ధన్నపేట దగ్గర మా సొంత ఊళ్లోనూ వేయించాను. లెవెల్ పట్టి చూస్తే పల్లం చెరువు వైపే ఉంది. మోరీని శిఖం దాకా, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమి దాకా తీసుకెళ్లి వదిలేశాను. ఎస్టిమేట్‌లో పొడవు ఉంది, వెడల్పు ఉంది, లోతు ఉంది. చివర నీళ్లు ఏమవుతాయన్న మాట ఎక్కడా లేదు. నేనూ అడగలేదు. పని అయిపోయిన రోజు ఊరంతా మెచ్చుకుంది.

నాలుగేళ్ల తర్వాత సద్దుల బతుకమ్మ నాడు మా అమ్మ బతుకమ్మను ఎత్తుకొని చెరువు మెట్ల దగ్గర ఆగిపోయింది. నీళ్ల మీద గుర్రపుడెక్క, దాని అంచున నల్లటి నురగ. "కొడుకా, బతుకమ్మను ఈ మోరీల ఎట్ల ఇడుస్తర?" అంది. ఎవరో కట్టెతో గుర్రపుడెక్కను పక్కకు నెట్టారు. పక్కింటివాళ్ల బతుకమ్మ జానెడు దూరం పోయి నిలిచిపోయింది. తంగేడు, గునుగు అక్కడే ఆ నురగలో ఒరిగిపోయాయి. అమ్మ వెనక్కి తిరిగింది. ఇంటి వెనక గోలెం నిండా నీళ్లు పోసి మా బతుకమ్మను అందులో వదిలింది. ఆ మోరీ నేను వేసిందే.

ఒక్కసారి లెక్క చూడండి. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథలో పల్లెకు మనిషికి రోజుకు 100 లీటర్లు. అందులో 80 లీటర్లు మురుగై బయటికొస్తాయని ఇంజనీర్లం లెక్క కడతాం. రెండు వేల జనాభా ఉన్న ఊరికి రోజుకు 1,60,000 లీటర్లు! బావి నుంచి చేదుకున్న రోజుల్లో గిన్నెలు కడిగిన నీళ్లు పెరట్లో అరటి చెట్టు మొదట్లోకి పోయేవి. ఇప్పుడు పెరడు లేదు, మోరీ ఉంది. 2015 నుంచి మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీశారు, మంచి పని. చాలా ఊళ్లలో మోరీ మూతి మాత్రం చెరువులోనే ఉండిపోయింది.

దీనికి కరెంటు, మోటారు అక్కర్లేని పద్ధతి ఉంది. మోరీ చివర కవర్లు ఆపడానికి జాలీ, ఆ తర్వాత బురద కిందికి దిగడానికి ఒక తొట్టి, దాని వెనక రెండడుగుల లోతున నీళ్లు ఇంకకుండా చేసిన కంకర మడి. అందులో మెట్టతామర, జమ్ము నాటాలి. నీళ్లు కంకర లోపలే పారతాయి, పైకి కనబడవు, కాబట్టి దోమ గుడ్లు పెట్టలేదు. మొక్కలే నీళ్లను కడుగుతాయని చాలామంది అనుకుంటారు. ఎక్కువ పని చేసేది రాళ్లకు పట్టిన జిగట పొరలోని సూక్ష్మజీవులు. వేళ్లు వాటికి చోటు ఇస్తాయి, కాస్త గాలి ఇస్తాయి, గుర్రపుడెక్కను పెంచే నత్రజని, భాస్వరంలో కొంత లాక్కుంటాయి.

జాగా ఏదీ అంటారు. మన ఎండలకు మనిషికి ఒకటి రెండు చదరపు మీటర్లు చాలు. రెండు వేల మందికి అర ఎకరం నుంచి ఎకరం. పల్లె ప్రకృతి వనానికి, వైకుంఠధామానికి జాగా చూసిన ఊరు దీనికి చూడలేదా?

ఒక ఊళ్లో ఇలాంటి మడి కట్టారు. ప్రారంభం రోజు ఫొటోలకు చోటు చాలలేదు. జాలీ ఊడ్చే మనిషికి జీతం మాత్రం ఎవరూ రాయలేదు. ఏడాదికే తొట్టి నిండి, బురద కంకరలోకి పోయి, నీళ్లు పైనుంచి పారాయి. పద్ధతే పనికిరాదన్నారు! దయచేసి ఆ జీతం ముందు రాయండి. ఇంకొకటి, సెప్టిక్ ట్యాంకు పైపులు మోరీలో కలిపిన ఊళ్లున్నాయి. ఆ నీళ్లలో రోగక్రిములు మడి దాటినా పూర్తిగా చావవు. చెట్లకు పెట్టండి, ఆకుకూరలకు వద్దు.

మీ ఊరి మోరీ వెంట చివరిదాకా నడిచినవాళ్లు చేతులెత్తండి. నలుగురు. సరే, మిగతావాళ్లు ఊరి పేరు, మీ పేరు ఆ బల్ల మీది పుస్తకంలో రాసి వెళ్లండి. రేపు పొద్దున ఏడింటికి మొదటి ఊరికి టేపు పట్టుకొని నేనే వస్తాను.